పందిజిగురు పందెం

లాంపెర్ట్ స్కీ బద్దల అడుగున జిగురు పూసెయ్యాలని ఏగిడ్ గట్టిగా నిర్ణయించుకున్నాడు. తప్పని అనిపించలేదు. మీసం మీదికి వచ్చాక మగాడికి పాపపుణ్యాలు ఎక్కడ గుర్తుంటాయి?

అది అలాంటిలాంటి మీసం కాదు మరి. మంచుకొండల నడుమ ఉన్న గ్రీస్‌మార్క్ట్ ఊళ్లో ఏ బారు తలుపు తెరుచుకున్నా ముందు మీసం లోపలికి వచ్చేది, ఒక పాట అయిపోయాక వెనకాల ఏగిడ్ వచ్చేవాడు. చలి ముదిరిన రోజుల్లో దానికి వేలాడే మంచుకణికలు విరిచి పక్కవాళ్ల గ్లాసుల్లో వేసేవాడట. దానికి సాటిరాగల మీసం ఆ లోయ మొత్తానికి ఇంకొక్కటే ఉంది. అది లాంపెర్ట్‌ది. ఇద్దరూ ఒకే స్కీ బడిలో పంతుళ్లు, చిన్ననాటి స్నేహితులు. ఒకడు తుమ్మితే రెండోవాడు అంతకంటే గట్టిగా తుమ్మేవాడు.

పోయిన శనివారం, ఏగిడ్ భార్య నోట్‌బుర్గా నడిపే బారులో, అకార్డియన్ హోరులో మాటా మాటా పెరిగింది.

"వచ్చే శనివారం ఈ చలికాలపు ఆఖరి స్కీ పందెంలో నా వెనకపడ్డావో, ఆ మీసం ఇక్కడే గొరిగిస్తా ఒరేయ్!" అన్నాడు లాంపెర్ట్.

"నువ్వు వెనకపడితే నీది!" అంటూ ఏగిడ్ స్కీ బూట్లతోనే బల్ల ఎక్కేశాడు.

ఆపుతుందనుకున్న నోట్‌బుర్గా ఆపలేదు. ఇద్దరి చేతులూ పట్టుకుని కలిపింది. "వెనకపడ్డవాడికే కాదు, కింద గీత దాటకుండా దార్లో దొర్లినవాడికీ అదే శిక్ష. ఒప్పుకుంటే ఒప్పుకోండి, లేదా నోరు మూసుకుని తాగండి" అంది. లాంపెర్ట్ భార్య జీటా ఈల వేసింది.

తెల్లారి మత్తు దిగాక ఏగిడ్‌కి తన కుడి మోకాలు గుర్తొచ్చింది. అది క్రిస్మస్ నుంచే సరిగ్గా వంగడం లేదు. ఆ మోకాలితో లాంపెర్ట్‌ని గెలవడం కల్ల. మీసం లేని తన మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటే చీజ్ నూడుల్స్ కూడా గొంతు దిగలేదు. దిగకుండా మీసానికే చుట్టుకున్నాయి. నోట్‌బుర్గా కత్తెర తెచ్చి తెంపబోతే గావుకేక పెట్టాడు.

"అబ్బో! సరే, కత్తిరించనులే" అందామె కత్తెర దాచేస్తూ. "అంత దిగులెందుకయ్యా? అటక మీద పందిజిగురు ఉందిగా."

పందిని కోసినప్పుడు బొచ్చు ఊడదీయడానికి వాడే చెట్టుజిగురు అది.

"కరిగించి బద్దల అడుగున పూస్తే ఆరాక అద్దమే, కంటికి ఆనదు. మంచు తగిలిందంటే మాత్రం అత్తగారిలా పట్టుకుంటుంది."

"నా బంగారానివే!" అన్నాడు ఏగిడ్. కట్టుకున్నందుకు ఇన్నాళ్లకి సుఖపడ్డాననుకున్నాడు.

శుక్రవారం చీకటి పడేవేళకి బారు ముందు మంచులో స్కీ బద్దలు వెదురుపొదలా నిలబడ్డాయి. వాటి మీద దొంగల కన్ను ఎప్పుడూ ఉండేదే. అందుకే ఆ ఊళ్లో ఇద్దరు స్నేహితులు చెరొక బద్ద మార్చుకుని, చెరొక మూల పెట్టి లోపలికి వెళతారు. జత కుదరని బద్దల్ని ఏ దొంగా ముట్టడు. ఆకుపచ్చవి ఏగిడ్‌వి, ఎర్రవి లాంపెర్ట్‌వి. ఏళ్ల తరబడి ఇద్దరూ ఒకరితో ఒకరే మార్చుకునేవాళ్లు. పోటీ సంగతి వేరు, నమ్మకం వేరు.

ఆ సాయంత్రం మాత్రం ఏగిడ్ అడ్డుపడ్డాడు. "రేపు పందెంరా. ఈ పూటకి మార్చుకోవద్దు, ఎవడి జత వాడిదే."

"నీ ఇష్టం. మీసాన్ని కూడా జాగ్రత్తగా చూసుకో, ఇదే ఆఖరి రాత్రి" అన్నాడు లాంపెర్ట్.

లోపల బల్లల మీద గంతులు మొదలయ్యాక నోట్‌బుర్గా వెచ్చటి డబ్బా భర్త చేతిలో పెట్టింది. "బయట లైటు ఆర్పేశాను, ఎవరికీ కనపడవు. లాంపెర్ట్ జత కట్టెల గూడు పక్కన ఉంది. తడుముకుంటూ పూసెయ్."

ఏగిడ్ తడుముకుంటూ వెళ్లాడు. రెండు బద్దలకీ రొట్టెకి వెన్న రాసినట్టు రాసి, వేళ్లు ప్యాంటుకి తుడుచుకుని వచ్చి, లాంపెర్ట్‌కి తనే ఒక గ్లాసు ష్నాప్స్ సారా పోయించాడు.

పొద్దున ఇద్దరి తలలూ గంటల్లా మోగుతున్నాయి. ఎప్పటిలాగే ఎవడి రంగు వాడు చూసుకుని, ఈ మూల నుంచి ఒక బద్ద, ఆ మూల నుంచి ఒక బద్ద లాగి భుజాన వేసుకుని, రోప్‌వే ఎక్కి పైకి చేరారు.

ఇద్దర్నీ పక్కపక్కన ఒకేసారి వదిలారు. ఏగిడ్ కుడి బద్ద బాణంలా దూసుకుపోయింది. ఎడమ బద్ద ఉన్నచోటే కాపురం పెట్టింది. అతను బొంగరంలా తిరిగాడు. చర్చి కనపడింది, కొండ కనపడింది, మళ్లీ చర్చి కనపడింది. మధ్యలో లాంపెర్ట్ కూడా కనపడ్డాడు, అటువైపు నుంచి తిరుగుతూ! ఇద్దరూ పెళ్లినాటి డాన్సులా కౌగిలించుకుని, దొర్లి దొర్లి దారి పక్కన కట్టిన వలలో పడ్డారు. గీత ఇంకా కింద ఎక్కడో ఉంది.

"మార్చుకోవద్దని చెప్పానుగా! ఎందుకు మార్చావురా?" అన్నాడు ఏగిడ్ మంచు ఉమ్ముతూ.

"నేనెందుకు మారుస్తా? మాట తప్పి నువ్వే మార్చావనుకున్నా! అది సరే, ఈ జిగురేమిటి?"

ఏగిడ్ ఇంకో గుప్పెడు మంచు తీసి నోట్లో కుక్కుకున్నాడు.

జనం ఇద్దర్నీ భుజాల మీద మోసుకొచ్చి బారులో దింపారు. అక్కడ రెండు కుర్చీలు, రెండు తువ్వాళ్లు, పదునుపెట్టిన రెండు మంగలికత్తులు ముందే సిద్ధంగా ఉన్నాయి. గిన్నెల్లో వేడినీళ్లు పొగలు కక్కుతున్నాయి.

"ఏమే, ఓడేది ఒక్కడే కదా? పొద్దుటే రెండు కుర్చీలు ఎందుకు వేశావు?" అన్నాడు ఏగిడ్ అనుమానంగా.

నోట్‌బుర్గా అతని మూతికి దట్టంగా నురగ పట్టించి, లాంపెర్ట్ కుర్చీ వెనక చేతులు మడుచుకుని నిలబడ్డ జీటాకి కన్ను గీటింది.

"చెప్పానా వదినా, మనం చెరొక బద్ద మార్చేస్తే ఒక్క డబ్బా జిగురుతో రెండు మీసాలూ ఊడతాయని!"