జోరో ఊపిరి

జోరో నోరు తెరుచుకుని ఊపిరి పీలుస్తోంది. పీల్చినప్పుడల్లా గొంతులో సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. నోటి అంచున నురగ.

అల్బేనా కోటు కూడా విప్పకుండా గాజు పెట్టె ముందు కూలబడింది. కొండచిలువ తల పైకెత్తి అద్దానికి ఆనించుకుంది. దించితే దానికి ఊపిరాడదు.

"ఎప్పట్నుంచి ఇలా?"

"పొద్దున డ్యూటీకి వెళ్లేటప్పుడు బాగానే ఉంది. ఇంటికొచ్చేసరికి అమ్మ చెప్పింది, గురక పెడుతోందని. వెంటనే నీకు ఫోన్ చేశాను" అన్నాడు ప్లామెన్, గుమ్మంలోనే నిలబడి. భార్యాభర్తలు విడిపోయి శీతాకాలం సగం గడిచింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా మాట్లాడటం నేర్చుకున్నారు.

అల్బేనా జోరోని పెన్సిలంత ఉన్నప్పుడు తెచ్చుకుంది. కొన్నాళ్లు చెప్పుల డబ్బాలో పెరిగింది. ఇప్పుడు ఆమె కంటే పొడుగు. అది పెరిగినకొద్దీ పెట్టెలు మారాయి. చివరి పెట్టె కోసం పడగ్గదిలోంచి బీరువానే బయటికి పోయింది. ఇల్లు వదిలినప్పుడు దాన్నీ తీసుకెళ్లాలనుకుంది. కానీ అద్దె గది యజమానురాలు పిల్లినే వద్దంది, పాముని రానిస్తుందా?

వంటింట్లోంచి అత్తగారు స్టోయ్నా గొంతు వినిపించింది. "ఈ పెర్నిక్‌లో మనుషులకి లేని వైభోగం ఆ పురుగుకి! దానికో హీటరు, దానికో దీపం, దానికో డాక్టరు. నా మోకాళ్ల సంగతి అడిగే దిక్కు లేదు."

"అత్తయ్యా, ఇప్పుడు కాదు, ప్లీజ్."

"నేనేమన్నానమ్మాయ్? రమ్మనలేదు, పొమ్మనలేదు. చిక్కుడుగింజల చోర్బా సూపు ఉంది. దానికి సూది పొడవడం అయ్యాక కాస్త ఎంగిలిపడి పో."

సూదులు వేసేది అల్బేనాయే. ప్లామెన్ మంచులో కూడా బస్సు నడుపుతాడు గానీ, సూది చూస్తే కళ్లు తిరిగి పడిపోతాడు. అందుకే జోరోకి జబ్బు చేసిందంటే మందులు అయ్యేదాకా ఆమె రోజూ రావలసిందే. చలి మొదలయ్యాక ఇది మూడోసారి.

మర్నాడు జోరోని దిండుగలీబులో వేసి, కోటు లోపల ఒంటికి హత్తుకుని తీసుకెళ్లింది. డాక్టర్ కిరిలోవ్ చాలాసేపు స్టెతస్కోపు పెట్టి విన్నాడు.

"ఊపిరితిత్తుల్లో చీము చేరింది. దీనికి చలి తగులుతోంది."

"ఎలా తగులుతుంది డాక్టర్? ఎప్పుడు చూసినా హీటర్ మీట ముప్పై ఒకటి మీదే ఉంటోంది. కిటికీ సందులకి టేపు వేశాం. హీటరే కొత్తది కొన్నాం."

"మీరు చూడనప్పుడు?"

అల్బేనా జోరోని మళ్లీ గలీబులోకి దించింది.

"సూదులు పూర్తి చెయ్యండి. ఈసారికి బయటపడొచ్చు. ఇంకొక్కసారి చలి తగిలిందంటే మాత్రం నా దగ్గరికి తెచ్చినా లాభం లేదు."

తిరిగొస్తుంటే కారు నడుపుతున్న ప్లామెన్‌ని అడిగేసింది. "నువ్వేనా?"

"ఏంటి నేనా?"

"నా మీద కోపం దాని మీద తీర్చుకుంటున్నావా?"

"నీకేమైనా పిచ్చా? రోజూ నీళ్లు మార్చేది ఎవరు? దాని తిండికి ఫ్రీజర్లో గడ్డకట్టిన ఎలకల్ని వేడినీళ్లలో కరగబెట్టేది ఎవరు?" ప్లామెన్ గేరు మార్చి, మెల్లగా అన్నాడు. "పగలంతా ఇంట్లో ఉండేది అమ్మ ఒక్కతే."

అనేశాక తనే సిగ్గుపడ్డాడు.

అల్బేనా ఒళ్లో జోరో ఈల వేస్తూనే ఉంది. అత్తగారి మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. 'తీసుకెళ్లి ఆ పాత బొగ్గు గనిలో వదిలెయ్యండి దాన్ని.' తను సూట్‌కేసు సర్దుకుంటుంటే ఆపిందా? లేదు. వంటింట్లో కూర్చుని, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. వెళ్తున్నానంటే తల కూడా తిప్పలేదు. కోడలు పోయింది, ఇక కోడలి పాము మిగిలింది.

ఆ రాత్రంతా అల్బేనా ఏడ్చింది. అద్దె గది యజమానురాలి కాళ్లావేళ్లా పడింది. ఆవిడ కరగలేదు. తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసింది. చివరికి దూరాన వార్నా ఊళ్లో పాములు పెంచే అతనొకడు ఒప్పుకున్నాడు, ఇచ్చాక మళ్లీ వెనక్కి అడగకూడదని చెప్పి. అడగనంది. చచ్చిపోయేకన్నా ఎక్కడో ఒకచోట బతికి ఉంటే చాలు.

సూదులు అయిపోయాయి. ఈల తగ్గింది. జోరో తల దించి పడుకోగలుగుతోంది. నాలుగు రోజులాగి, ఎవరికీ చెప్పకుండా మధ్యాహ్నం పూట దాన్ని తీసుకుపోవడానికి బయల్దేరింది. ఇంటి తాళంచెవి ఇంకా తన దగ్గరే ఉంది.

పడగ్గది తలుపు ఓరగా వేసి ఉంది. స్టోయ్నా గాజు పెట్టె ముందు వంగి ఉంది. ఆవిడ వేళ్లు హీటర్ మీట మీద ఉన్నాయి. మీట సున్నా దగ్గర ఉంది.

అల్బేనా ఆవిణ్ణి పక్కకి నెట్టేసింది. మీట పైకి తిప్పి, పెట్టెలోకి రెండు చేతులూ పెట్టింది. జోరో ఒళ్లు చల్లబడుతోంది. నాలుక కదిలింది. ఇంకా ఏం కాలేదు.

"చంపేస్తున్నారు దీన్ని! ఇంకోసారి చలి తగిలితే బతకదని డాక్టర్ చెప్పాడు! నేనంటే అంత పగేంటత్తయ్యా? నేను పోయాగా, చాల్లేదా?"

స్టోయ్నా మొహంలో నెత్తురు చుక్క లేదు. "చచ్చిపోతుందా?" అంది. "నాకెవరూ చెప్పలేదే... జలుబే కదా అనుకున్నాను. నువ్వొచ్చి మందు వేస్తే తగ్గిపోతోంది కదా అని..."

"మరెందుకు చేశారు? చెప్పండి, ఎందుకు?"

ముసలావిడ మంచంకోడు పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"అది బాగుంటే నువ్వు రావు కదే, అమ్మాయ్."