హుషారు పాట

"అమ్మా, కాస్త ఏడవండి," అన్నాడు టీవీ అబ్బాయి.

మర్యాదగానే అడిగాడు. మంచినీళ్ళు అడిగినట్టు అడిగాడు. వెనకాల మైకు పట్టుకుని నిలబడ్డ రేడియో అమ్మాయికి సిగ్గేసింది. తను వచ్చిందీ ఆ ఏడుపు కోసమే మరి.

"ఎందుకు?" అంది కాజాలమ్మ.

ఎందుకంటే ఏం చెప్తాడు? మూడంతస్తుల బట్టల కంపెనీ నిన్న సాయంత్రం కూలి ఎదురుగా రాళ్ళగుట్టై పడుంది. అందరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బయటపడ్డారు. కటింగ్ మాస్టర్ ఒక్కడే లోపల ఉండిపోయాడు. అదే కంపెనీలో చొక్కాలకి కాజాలు కుట్టే ఈవిడ అతని భార్య. కట్టుకున్న భార్యే ఏడవకపోతే ఇక వార్త ఎలా నిలబడుతుంది?

ఆ లోటు ఆడపడుచు తీరుస్తోంది. కెమెరా ఇటు తిరిగితే చాలు, "అన్నయ్యా" అని గుండెలు బాదుకుంటోంది. వెలుతురు సరిగ్గా పడలేదని టీవీ అబ్బాయి ఆవిణ్ణి రెండోసారి ఏడిపించాడు. రెండోసారి ఇంకా బాగా ఏడ్చింది. పాపం, అన్న మీద ప్రేమ లేక కాదు. ఉన్న ప్రేమ కెమెరాని చూస్తే ఊరుకోవడం లేదు.

"నువ్వూ రా వదినా. చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఏమన్నా అనుకోనీ. బతికున్న మనిషి కోసం ఏడవడం నాకు రాదు."

చిక్కంతా అక్కడే. రాళ్ళు ఎత్తిపోసే పెద్ద మిషన్ వచ్చి గుడగుడమంటూ సిద్ధంగా ఉంది. అది కదిలితే కింద ఊపిరితో ఉన్నవాడు కూడా నలిగిపోతాడు. కాజాలమ్మ పొద్దున్నుంచీ దాని చక్రాల ముందే బైఠాయించింది.

అధికారి వంగి నచ్చజెప్పాడు. "ఎన్నిసార్లు పిలిచామమ్మా. మైకు పెట్టి మరీ పిలిచాం. పలకలేదు."

"పిలిస్తే పలికే మొగుడైతే నాకిన్ని బాధలెందుకు బాబూ. కటింగ్ బల్ల కింద దూరుంటాడు. ఇనుప బల్ల అది. చేతుల్తో తవ్వించండి."

"ఇప్పుడు రెండు నిమిషాలు మౌనం పాటిస్తాం. టీవీలో లైవ్ వస్తుంది. అది అవగానే మిషన్ కదుల్తుంది. మీరు లేవకపోతే లేవదీయించాల్సి వస్తుంది."

కాజాలమ్మ చుట్టూ ఉన్న మైకుల్ని ఒక్కొక్కటీ చూసి, రేడియో అమ్మాయి దగ్గర ఆగింది.

"నీది రేడియోనా అమ్మాయ్?"

"అవునండీ."

"దాంట్లో మొహం కనపడదు కదా. అయితే నీకే చెప్తా. ఇప్పుడే వినపడుతుందా అందరికీ?"

"లైవేనండీ."

కాజాలమ్మ మైకు లాక్కుంది. అందరూ ఇక ఏడుపు మొదలవుతుంది అనుకున్నారు.

"ఏమయ్యోయ్, నిన్నట్నుంచి హాయిగా పడుకున్నది చాల్లే, లే. చెవిలో ఆ రేడియో వైరు దూర్చుకుంటే ఇల్లు కూలినా నీకు తెలీదుగా. నేను ఏదన్నా చెప్పబోతే చాలు, పాటకి కత్తెరతో బల్లమీద దరువేసి నా బుర్ర తినేవాడివే. ఇప్పుడేం, చేతులు పడిపోయాయా?"

జనం నోళ్ళు నొక్కుకున్నారు. ఇదేం మనిషి అన్నారు. రేడియో అమ్మాయి చెవిలో ఆఫీసాయన "కట్ చెయ్, కట్ చెయ్" అని మొత్తుకున్నాడు. ఆమె చెయ్యలేదు.

"పోయినవాణ్ణి అలా అంటారా వదినా?" ఆడపడుచు ఈసారి నిజంగానే ఏడ్చింది.

"పోయాడని నీకెవరు చెప్పారు? టీవీనా?" అని కాజాలమ్మ మళ్ళీ అమ్మాయి వైపు తిరిగింది. "మౌనం పాటించేటప్పుడు మీ రేడియోలో ఏం వేస్తారు?"

"వయొలిన్ అండీ. నిన్నట్నుంచీ అదే వస్తోంది."

"అది ఆపించు. నిచ్చెనెక్కి గెంతుతాడు చూడు ఆ మీసాల హీరో, ఆ పాట వేయించు. మావారికి ఇష్టం."

రేడియో అమ్మాయి ఆఫీసుకి చెప్పింది. ఆఫీసాయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఊరు ఊరంతా సంతాపంలో ఉంటే గెంతులేసే పాటా? మతి పోయిందా?

ఆమె కాజాలమ్మ వంక చూసింది. జుట్టునిండా సిమెంటు దుమ్ము. ఆ గుంపులో నటించనిది ఈవిడొక్కతే అనిపించింది.

"వెయ్యండి సార్. పోతే నా ఉద్యోగమే పోతుంది."

ఆయనకి తిట్టుకోవడానికైనా జనం వింటారని తోచినట్టుంది. "నీ ఖర్మ," అన్నాడు.

అప్పుడు లేచింది కాజాలమ్మ. చీర దులుపుకుంది.

"పాటించండి మౌనం. పాటించేదేదో గట్టిగా పాటించండి. ఆ మిషన్ ఆపండి. ఆ జనరేటర్ కూడా ఆపండి. ఎవరు దగ్గినా ఊరుకోను."

మొత్తానికి దారికొచ్చిందని అధికారి ఊపిరి పీల్చుకున్నాడు. ఇప్పుడు ఏడ్చి తీరుతుందని టీవీ అబ్బాయి కెమెరాని ఆవిడ మొహం మీదకి తిప్పించాడు. మిషన్ ఆగింది. జనరేటర్ ఆగింది. అందరూ తలలు దించారు. ఆడపడుచు కూడా కొంగు నోట్లో కుక్కుకుంది.

రేడియో అమ్మాయి చెవిలో డప్పులు మొదలయ్యాయి. ఆ చప్పుడు పక్కవాళ్ళకి ఎక్కడ వినపడుతుందోనని ఇయర్‌ఫోన్‌ని వేలితో లోపలికి నొక్కుకుంది.

కాజాలమ్మ మాత్రం తల దించలేదు. రాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చుని, చెవి ఆనించింది.

అప్పుడు ఆ రాళ్ళ కిందనుంచి, రేడియో అమ్మాయి చెవిలో తప్ప పైన ఎవరికీ వినపడని ఆ పాటకి, ఒక్క దెబ్బ కూడా తప్పకుండా కత్తెర దరువు మొదలైంది.