రాజు పేరు, ఏటి పేరు

రేపల్లెలో రైలు దిగిన మనిషి అడుగుతూ అడుగుతూ సుల్తాన్ బీ గుమ్మం ముందుకొచ్చాడు. భుజాన గుడ్డసంచి.

"జావీదు వాళ్ళమ్మగారేనా అండి? నా పేరు బర్నబాస్. మాది బాపట్ల. జావీదూ నేనూ ఒకే ఓడలో వంటపని."

సుల్తాన్ బీ లోపలికి రమ్మనలేదు. కొడుకు పోయాక ఓడవాళ్ళమంటూ ఇప్పటికే ఇద్దరొచ్చారు. పరిహారం ఇప్పిస్తామని వేలిముద్రలు వేయించుకుపోయారు. మళ్ళీ మొహం చూపిస్తే ఒట్టు.

పరిహారం ఎవరిక్కావాలి? ప్రాణం పోయేటప్పుడు తన ఒక్కగానొక్క కొడుకు పక్కన ఎవరైనా ఉన్నారా? ఆమెకు కావలసింది ఆ ఒక్క మాట.

"మావాడు ఏ ఊళ్ళో పోయాడు బాబూ?" పరీక్షగా అడిగింది.

"హల్‌లో అండి. ఇంగ్లండులో."

"కంపెనీవాళ్ళు కింగ్‌స్టన్ అన్నారే!"

"రెండూ ఒకటేనమ్మా. ఏడొందల ఏళ్ళ కిందట ఎడ్వర్డు అనే రాజు ఆ రేవును సన్యాసుల దగ్గర పుచ్చుకుని, కింగ్‌స్టన్, అంటే రాజు ఊరు అని పేరు పెట్టాడంట. హల్ అనేది అక్కడి ఏరు. కాగితాల్లో రాజు పేరుంటుంది. జనం మాత్రం ఏటి పేరుతోనే పిలుస్తారు. ఆస్పత్రిలో నర్సు చెప్పింది. జావీదు ఆ కథ మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు."

సుల్తాన్ బీకి ఒళ్ళు మండింది.

"చావుబతుకుల్లో ఉన్నవాడు రాజుల కథలు విన్నాడా? సరే, వాడి పక్కన ఎవరున్నారో చెప్పు."

బర్నబాస్ తల దించుకున్నాడు.

"వాళ్ళన్న ఉన్నాడమ్మా."

"నా కొడుక్కి అన్నే లేడు."

"అది కాదమ్మా..." అంటూ సంచిలో చెయ్యి పెట్టాడు.

"కాగితాలు తియ్యకు. వేలిముద్ర వెయ్యను. వెళ్ళు బాబూ."

తలుపు వేసేసింది. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

వారం తిరక్కుండానే ఎదురు కొట్టు ఆదిలక్ష్మి పిలిచింది.

"పిన్నీ, నీకు ఇంగ్లండు నుంచి ఫోను."

ఎవరో పెద్దాయన, ఉర్దూలో సలాం చెప్పాడు.

"హల్ మసీదు నుంచి అబ్దుల్లాను. మీ అబ్బాయిని మట్టి చేసేముందు జనాజా నమాజు మేమే చేశామమ్మా."

ఆమె ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది. "హల్... అంటే కింగ్‌స్టనేనా?"

"అదేనమ్మా."

"వాడి పక్కన... ఎవరైనా ఉన్నారా?"

"అదేంటమ్మా, మీకు చెప్పలేదా? ఆస్పత్రివాళ్ళు ఎవరని అడిగితే వాడి అన్ననన్నాడు. ఓడ వెళ్ళిపోతున్నా ఎక్కలేదు, ఉద్యోగం పోయినా కదల్లేదు. ఆఖరిదాకా వాడి చెయ్యి వదల్లేదు. జావీదు టోపీ మీ చేతికే ఇస్తానని సంచిలో పెట్టుకుని బయల్దేరాడు. మీ పెద్దబ్బాయి బర్నబాస్ ఇల్లు చేరాడా అమ్మా?"