పొలిమేర దాటిన సైకిలు

వేంపల్లె దాటాక ఈతవనాల నడుమ బండ్లు తిరగని దారి ఒకటుంది. పొద్దున్నే అక్కడ మా ఆయన నలభయ్యేళ్ల నాకు సైకిలు నేర్పుతున్నాడు.

"మీ అన్న ఊరి పొలిమేర కాడ మళ్లుకోవాల. ఆ ఊళ్లో నేను కాలు పెట్టను," అన్నాడు.

మా అన్న చెట్ల నీరా చప్పగా ఉందని ఈయన అన్నప్పటి నుంచి బావాబామ్మర్దులకు మాటల్లేవు. నేను పుట్టింటి గడప చూసి మూడేళ్లయింది.

పొలిమేర వచ్చింది, వెనక్కి పోయింది.

"బ్రేకు పట్టుమే!" మా ఆయన వెనక పరుగెత్తుతూ అరిచాడు.

"అది యాడుండాదో తెలీలే!"

"దూకు!"

"చీర ఇరుక్కునింది!"

చెట్టెక్కి నీరా తీస్తున్న మనిషి, "ఎవరన్నా అడ్డం పోండప్పా!" అని కేకేశాడు. ఆ దారిలో అడ్డం పోవడానికి మేక కూడా లేదు.

మైలు దూరం అలాగే పోయాం.

అన్న ఇంటి ముందు చక్కగా బ్రేకు పట్టి, దిగి, స్టాండు వేశాను. మా ఆయన రొప్పుతూ వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. అన్న నీరా ముంత అందించాడు.

ఈయన ఎత్తిన ముంత దించకుండా తాగాడు.

"చప్పగానే ఉండాది," అన్నాడు మూతి తుడుచుకుంటూ. "ఇంకో ముంత పొయ్యి బావా, సరిగ్గా చూసి చెప్తా."