దగ్గు తగ్గిన రెండు నెలలు

భర్త స్నానానికి వెళ్ళగానే ఆమె అతని చొక్కా అందుకుంది. జేబులు తడిమింది. కాలరు వాసన చూసింది. సిగరెట్ జాడ లేదు.

"మహా ముదురు" అనుకుంది.

మూడేళ్ళుగా ఇదే వరస. పాప దగ్గు చూసిన డాక్టరు "ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా?" అని అడిగిన రోజు నుంచీ. అతను వాచీలు బాగుచేస్తాడు. పాప పుట్టినప్పుడే సిగరెట్ మానేశానని ఒట్టేసి చెబుతాడు. ఆమె నమ్మదు.

ఇంతలో లాక్‌డౌన్ వచ్చిపడింది. కొట్లు, బస్సులు, ఫ్యాక్టరీలు అన్నీ బంద్. ముగ్గురూ ఇంట్లోనే. పదో రోజుకల్లా ఆకాశం కడిగినట్టయింది. పన్నెండో రోజు పాప ఇన్‌హేలర్ అడగలేదు. నెల తిరిగేసరికి మేడ మెట్లు పరుగున ఎక్కి దిగుతోంది.

ఇక ఆమె ఆగలేదు.

"కొట్లు మూశారు. మీకు సిగరెట్లు దొరకలేదు. దానికి దగ్గు పోయింది. ఇంకా బుకాయిస్తారా?"

అతను కిటికీలోంచి వీధి చివరికి చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె ముఖంలోకి చూశాడు.

"అవును. దొంగచాటుగా తాగేవాణ్ణి."

గెలిచింది. అయినా ఎందుకో ఏడుపొచ్చింది.

"ఇల్లు మారదామే," అన్నాడతను. "ఊరికి ఆ చివర ఎక్కడైనా. ఎదురుగా సిగరెట్ల కొట్టు పెట్టుకుని మానడం నావల్ల కాదు."

"మీ పాడలవాటుకి మేమెందుకు మారాలి? మానేదాకా మీ వాచీల షాపులోనే పడుకోండి!"

లాక్‌డౌన్ ఎత్తేసే ముందురోజు అతను దుప్పటి చంకన పెట్టుకుని బయల్దేరాడు. గుమ్మం దగ్గర ఆగి, పాప ఇన్‌హేలర్ ఆమె చేతిలో పెట్టాడు.

"అందుబాటులో ఉంచు."

"ఇక దీంతో పనేముంది?" అందామె.

మర్నాడు సోమవారం. పాపని పక్కింటి పిన్నికి అప్పజెప్పి ఆమె డ్యూటీకి వెళ్ళింది. సాయంత్రం వచ్చేసరికి పాప మంచం మీద కూర్చుని, ఎగశ్వాస తీస్తూ దగ్గుతోంది.

"మీ నాన్న వచ్చాడా?"

పాప తల అడ్డంగా ఊపింది.

"నిజం చెప్పు!"

"రాలేదే అమ్మాయ్," అంది పిన్ని. "పొద్దున్న ఏడింటికే మొదలైంది. కిటికీలన్నీ మూసినా తగ్గలేదు."

ఆమె కిటికీలోంచి వీధి చివరికి చూసింది.

ఆరోజు పొద్దున్న ఆరింటికి, వీధి చివరి ఫ్యాక్టరీలో రెండు నెలలుగా చల్లారి ఉన్న బాయిలర్‌లో బొగ్గేసి మళ్ళీ రాజేసిన ఆపరేటరు ఆమే.