చలికాలం మాట

“నా జీన్సు ప్యాంటు ఎక్కడ అత్తా?”

బీరువాలోని బట్టలన్నీ మంచం మీద కుప్ప పోసి, ఒక్కొక్కటే దులిపి చూసి, చివరికి అంబిక వంటింటి గడప దగ్గరకొచ్చి నిలబడింది. పాప వర్షిణి బూట్లేసుకుని, బ్యాగు తగిలించుకుని వాకిట్లో ఎదురుచూస్తోంది. కాటన్‌పేట వీధిలో మంచు ఇంకా విడలేదు.

భాగీరథమ్మ పొయ్యి మీది పాల మీంచి చూపు తిప్పలేదు. చలి మొదలైనప్పటినుంచీ గోడ పట్టుకుని నడిచే మనిషి, ఇవాళ వంటింట్లో చకచకా తిరుగుతోంది.

“పుల్లమ్మకి ఏసేస్తి. పాత బట్టలకి స్టీలు గిన్నెలిస్తాది కదా, ఆమెకి.”

అంబికకు ఒళ్లు మండిపోయింది. అది మొగుడు హరీశ్ పాత ప్యాంటు. అతనికి పొట్ట వచ్చి పట్టకపోతే తనే విప్పి, నడుముకు నాడా ఎక్కించి, కాళ్లు మడిచి కుట్టుకుంది. నీలం దారం అయిపోతే ఎర్రదారంతోనే కానిచ్చింది.

“నన్నొక మాట అడగొద్దా? పాత బట్టా అది? నిన్న గూడా అదే తొడుక్కోని పోతి.”

“అదే చెప్తా ఉండా. ఇంటి కోడలు ప్యాంటు తొడుక్కోని బండి మీద పోతా ఉంటే వీధిలోవాళ్లు నన్ను చూసి నవ్వుతా ఉండారు. స్కర్టు లేదా నీకి? పాదాల దాకా ఉండాది, చూసేదానికి లంగా మాదిరే. దాన్ని నేనెప్పుడైనా వద్దంటినా?”

“ఆ స్కర్టే కదత్తా పోయిన నెల స్కూటీ చక్రంలో చిక్కుకునింది? ఎస్టీడీ బూతు ముందర నేనూ పాపా ఇద్దరం పడితిమి. ఎనకాల్నే లారీ. ఆ డ్రైవరు బ్రేకు తొక్కకుంటే...”

అంబిక మాట ఆపి వాకిట్లోకి తొంగి చూసింది. ఆ బ్రేకు చప్పుడు గుర్తొస్తే చాలు, ఇప్పటికీ పాప ఎక్కడుందో చూసుకునేదాకా ప్రాణం కుదుటపడదు.

“చూసుకోని తోలాల.”

“చక్రాన్ని చూడాల్నా, రోడ్డును చూడాల్నా?”

భాగీరథమ్మ పాలు దించి ఇటు తిరిగింది. “అయినా జీన్సు ఒక బట్టేనా? ఎండాకాలం తొడుక్కుంటే ఒళ్లంతా చెమటకాయలు. వానాకాలం ఉతికితే మూడు దినాలైనా ఆరదు, ఇల్లంతా ముక్కిపోయిన వాసన. స్కర్టయితే ఎండకి గాలాడతాది. వానలో తడిసినా ఒక్క పూటకే ఆరిపోతాది.”

“సరే. ఇప్పుడు చలికాలం కదా, దీనికేమంటారు?”

అత్త మళ్లీ పొయ్యి వైపు తిరిగింది.

“చలికాలం మాట ఎత్తొద్దు,” అని గరిటె కోసం వెతకసాగింది. గరిటె ఆమె చేతిలోనే ఉంది.

“పోనీ, గిన్నె ఏది?”

“ఏం గిన్నె?”

“ప్యాంటుకి పుల్లమ్మ ఇచ్చిన గిన్నె.”

“రేపు తెస్తానని పోయింది.”

“బట్ట ఈ దినం, గిన్నె రేపా? చిరిగిన బనీనుకి గూడా మూత ఉండే డబ్బానే కావాలని గంటసేపు బేరం చేస్తారు మీరు. నా ప్యాంటైతే ఉత్తినే ఎత్తిచ్చేస్తిరే. నాదంటే అంత చులకనా?”

హాల్లోంచి మామ ఓబళప్ప గొంతు లేచింది. “పొద్దున్నే ఏమప్పా ఈ గలాటా? స్కర్టు వేసుకోని పోతే పో. లేదంటే బండి తాళం ఇట్ల పెట్టు. పాపని ఆటోలో పంపిద్దాం.”

ఆటో అంటే ఏమిటో ఆయనకు తెలియక కాదు. పిల్లల్ని బస్తాల్లా కుక్కుతారు. డ్రైవరు పక్కన కూర్చున్నవాళ్ల కాళ్లు బయటికి వేలాడుతుంటాయి. అంబిక హరీశ్ వైపు చూసింది. బూట్లకు పాలిష్ రాస్తున్న హరీశ్, బూటులోకి దూరిపోయేంతగా తల వంచుకున్నాడు.

“మీ మర్యాదంతా నా కాళ్లకే చుట్టుకోని ఉండాదా మామా? నా బిడ్డ కాళ్లు విరిగినా ఫరవాలేదా?”

అంబిక తాళం తెచ్చి ఆయన పేపరు మీద పెట్టింది. పెట్టిందనడం కంటే కొట్టిందనడం న్యాయం.

ఆరోజు శుక్రవారం. ఆ ఇంట్లో శుక్రవారం పూట కోడలు అత్త కాళ్లకు పసుపు రాయందే గడప దాటకూడదు. కడుపు మండినంత మాత్రాన ఆనవాయితీ ఆగదు కదా. అంబిక పసుపు గిన్నె పట్టుకుని అత్త ముందు నేల మీద కూర్చుంది.

ప్రతి వారమూ భాగీరథమ్మ చీర పిక్కల దాకా ఎత్తుకుని, ‘ఇక్కడ అంటలేదు, అక్కడ అంటలేదు’ అని పేచీ పెట్టేది. ఇవాళ కాళ్లు రెండూ కుర్చీ కిందికి లాక్కుంది.

“బొటనవేళ్లకి రాసి పో. పాపకి లేటవుతాది.”

“ఏమత్తా, ప్యాంటు తొడిగిన కోడలి చెయ్యి మైలా?”

అంబిక కసిగా మడమ పట్టుకుని ముందుకు లాగింది. పసుపు చేత్తోనే చీర అంచును పైకి నెట్టింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

తలెత్తి అత్త ముఖంలోకి చూసింది. భాగీరథమ్మ పైకప్పు వైపు చూస్తోంది. అటే చూస్తూ హాల్లోకి వినబడేలా పిలిచింది.

“ఇదో, వర్షిణి తాతా. ఆ తాళం కోడలికిచ్చేయండి.”

ఓబళప్ప పేపరు దించాడు. “ఏమి?”

“ఈ చలికి స్కర్టు చాలదు. జీన్సే తొడుక్కోని పోనీ.”

“దాన్ని పుల్లమ్మకిచ్చేస్తివి కదే.”

“తెప్పిస్తాలేండి. మీరు పేపరు చదువుకోండి.”

అత్త చీర కుచ్చిళ్ల చాటున, ముతక నీలం గుడ్డ మీద, అంబిక పసుపు వేళ్లకు వెచ్చగా తగులుతోంది తను కుట్టిన ఎర్రదారం కుట్టు.