వదులు ముడి

"దొంగ దొరికాడు!"

టైలరు కేకకి సగం వీధి పోగైంది.

ముసలాయన కదల్లేదు. ఒక చేతిలో చిన్న మడత కత్తి, ఇంకో చేతిలో తెగిన నైలాన్ తాడు. ఎదురుగా చెట్టు.

దేవదారు జాతి చెట్టు అది. షాపు మెట్లకీ గోడకీ మధ్య రెండు మూరల జాగాలో సన్నగా పైకి పెరుగుతూ, కొమ్మలన్నీ కిందికి వేలాడేస్తుంది. ఎండాకాలమైనా చలికాలమైనా పచ్చగానే ఉంటుంది, ఎప్పుడు చూసినా ఏడుపు మొహమే.

నాలుగేళ్ళ క్రితం టైలరు భార్య తెచ్చి నాటింది. అప్పటికే ఆవిడకి జబ్బు ముదిరింది.

"ఇదేం మొక్కే, మొహం వేలాడేసుకుని?" అన్నాడతను.

"నేను పోయాక ఏడవడానికి మీ తరఫున ఒకరైనా ఉండాలిగా. మీరెలాగూ ఏడవరు."

నెల తిరక్కుండానే పోయింది. అతను నిజంగానే ఏడవలేదు. చెట్టుని మాత్రం కంటికి రెప్పలా చూసుకున్నాడు. ఆవిడ చేత్తో నాటినవాటిలో మిగిలింది అదొక్కటే.

ఆ చెట్టు తనంతట తాను నిలబడదు. దాని చివరి కొనను ఒక కర్రకి కడితేనే పైకి లేస్తుంది, లేకపోతే నేలమీద పాకుతుంది. అతను కట్టాడు. నైలాన్ తాడు, మూడు పేటలు. ముప్పై ఏళ్ళలో తన కుట్టు విడలేదని, తన ముడి ఊడలేదని అతనికి మహా గొప్ప.

కానీ ఏటా ఒకసారి ఎవరో ఆ ముడి కోసేసేవారు. నైలాన్ తాడు మాయమై, దాని చోట ఏదో నీలం గుడ్డ పీలిక వదులుగా కట్టి ఉండేది. అతను తిట్టుకుంటూ దాన్ని పీకి పారేసి, ఈసారి ఇంకా గట్టిగా బిగించేవాడు.

ఇవాళ ఆ చెయ్యి దొరికింది.

"నా చెట్టు నీకేం అపకారం చేసిందయ్యా?"

"ముడి బిగుసుకుపోయింది బాబూ. వదులు చేస్తున్నా."

"నా ముడి గురించి నువ్వు నాకు చెప్తావా! ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

ముసలాయన నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు.

"అడుగుతుంటే మాట్లాడవేం?"

"తప్పయింది బాబూ. వెళ్తాను."

"కొమ్మలు కోసి అమ్ముకుంటాడేమో, సంచీ చూడు," అన్నాడు పక్క షాపు గడియారాల మెకానిక్.

టైలరు సంచీ లాక్కుని రోడ్డు మీద బోర్లించాడు. చిన్న రంపం, మైనం డబ్బా, నీలం పీలికల కట్ట.

"చిత్తుగుడ్డలు ఏరుకునేవాడికి చెట్ల సంగతులు కావాలట!"

అందరూ నవ్వారు. టైలరు కాలితో ఆ కట్టని తన్నాడు.

"నాన్నా, పెద్దాయన. వదిలెయ్," అంది గుమ్మంలోంచి కూతురు.

"నువ్వు లోపలికెళ్ళు." కత్తి కూడా లాక్కున్నాడు. "ఇంకోసారి ఈ వీధిలో కనపడ్డావో, పోలీసులకి పట్టిస్తా."

ముసలాయన వంగి ఒక్కొక్క పీలికా ఏరుకుని, దుమ్ము దులిపి సంచీలో పెట్టుకున్నాడు. కత్తి అడగలేదు.

ఆ పూటే టైలరు ఐదు పేటలు వేసి కట్టాడు.

తర్వాత ఎవరూ ముడి ముట్టుకోలేదు. ఏడాది తిరిగేసరికి చెట్టు కొన ఎర్రబడింది. నీళ్ళు పోశాడు, ఎరువు వేశాడు. ఒకరోజు గాలికి ఆ కొన పుటుక్కున విరిగి మెట్ల మీద పడింది.

"అమ్మ ఎక్కడ కొన్నదో ఆ నర్సరీలోనే అడుగు నాన్నా," అంది కూతురు.

విరిగిన కొన పట్టుకుని వెళ్ళాడు. నర్సరీలో ఉన్నావిడ దాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది.

"తాడు బెరడులోకి దిగిపోయింది. గొంతు నులిమేశారు పాపం. ఎవరిదండీ చెట్టు?"

"తెలిసినవాళ్ళది," అన్నాడు. అనగానే మొహం వేడెక్కింది.

"ఈ జాతిలో మా నాన్న అంటు కట్టింది ఒక్కటే. ఇప్పుడది టైలరు షాపు ముందు ఉంది. అయితే ఆ టైలరు మీకు తెలుసన్నమాట."

"కొంచెం."

"మహానుభావుడు! నలుగురిలో మా నాన్నని దొంగని చేశాడట. యాభై ఏళ్ళు వాడిన కత్తి లాక్కున్నాడట."

ఆ కత్తి టైలరు మిషన్ సొరుగులో ఉంది. ఏడాదిగా దారాలు కోసుకుంటున్నాడు.

"మీ నాన్నగారు..."

"పోయిన చలికాలం పోయారండీ. ఎవరు చెయ్యమన్నారో చెప్పేస్తే సరిపోయేదిగా నాన్నా అంటే, మాటిచ్చానమ్మా అన్నాడు."

టైలరుకి అక్కడ్నుంచి పారిపోవాలనిపించింది.

"కింద ఇంకో కొమ్మ ఉంటుంది, దాన్ని కొత్త కొనగా పైకి కట్టమనండి. వదులుగా. నాన్న సంచీలో గుడ్డలు మిగిలాయి, ఇవి ఇవ్వండి."

కట్ట చేతిలో పెట్టింది. నీలం గుడ్డ, తెల్ల చుక్కలు. అంచున రెండు వరసల కుట్టు. ఎక్కడా ఒక్క పోగు విడలేదు. అది తన కుట్టే. భార్య ఆసుపత్రికి వేసుకెళ్తానంటే తనే కూర్చుని కుట్టిన గౌను అది. ఏటా పీకి పారేసినా, కాలితో తన్నినా, ఒక్కసారి పరీక్షగా చూసుకోలేదు.

"ఇవి... ఎక్కడివి?" అన్నాడు.

"చెట్టు కొన్నావిడే ఇచ్చిందట, పదేళ్ళకి సరిపడా కత్తిరించి. 'మా ఆయనకి బిగించడమే తెలుసు, అది నిలబడేదాకా మీరే వచ్చి వదులు చెయ్యండి, ఆయనకి మాత్రం చెప్పకండి, నలుగురిలో చిన్నబోతాడు' అందట."